చూశారా, ఊహించారా? విశాఖ ద్వారకానగర్ కొరియన్ క్లాసు గురించి నా మాట

ముందే చెప్పేస్తున్నాను, ఈ క్లాసులో చేరింది మా అమ్మాయి. కొరియన్ సీరియళ్ళు సబ్‌టైటిల్స్ లేకుండా చూడాలని సెలవుల్లో పట్టుబట్టింది. మూడు నెలలకు 9,000 రూపాయలు, శని ఆదివారాలు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా. డబ్బంతా మొదటి రోజే కట్టించుకున్నారు. నాలుగు వారాలయ్యాక కాలేజీ మొదలైంది, ఇక వెళ్ళనంది. సగమైనా వెనక్కిమ్మని అడిగితే కుదరదన్నారు, కావాలంటే ఆ సీట్లో ఇంట్లోవాళ్ళు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చన్నారు. మా ఆవిడ నా వైపు చూసింది. నాకు 47 ఏళ్ళు, మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. కట్టిన డబ్బు ఊరికే పోతుందన్న బాధతో తప్ప ఇంకే ఉద్దేశంతోనూ వెళ్ళలేదు.

పేరు రాయను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి. ద్వారకానగర్‌లో ఏ మెట్లెక్కినా కోచింగ్ సెంటరే, గుర్తుపట్టడం కూడా కష్టం. మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది, అంటే లిఫ్ట్ ఉండాల్సిన చోట తలుపొకటి ఉంది. ఏసీ గదన్నారు గానీ ఇరవై మంది కూర్చున్నాక అది ఫ్యానుకంటే మెరుగేమీ కాదు. వినే ప్రాక్టీసు మేడమ్ ఫోన్ స్పీకర్లోనే, వెనక బెంచీకి సగమే వినబడుతుంది. అక్షరాలు మా అమ్మాయే ఇంట్లో రెండు సాయంత్రాల్లో నేర్పేసింది. సేజోంగ్ రాజు 1443లో తయారు చేసి 1446లో ప్రకటించిన ఆ లిపి నిజంగానే అంత తేలిక. క్లాసులో మాత్రం దానికే నాలుగు వారాలు తీసుకున్నారట. దండగ.

తర్వాతి మూడు వారాల కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

ఆ మూడు వారాలూ ఊహించి చెప్పే మాటలు. కొరియన్‌లో ఇవి ఒకటి రెండు కావు. మాకిచ్చిన జిరాక్స్ కట్టలో అన్నిటికీ ఇంగ్లిష్‌లో ఒకటే అర్థం రాసుంది, 'ఇట్ సీమ్స్' అని. నాలుగైదు రూపాలకి ఒకే అర్థమైతే నాలుగైదు ఎందుకు? నేను అడిగేలోపే మేడమ్ ఆ కట్ట పక్కన పెట్టించేశారు. ఆవిడది శ్రీకాకుళం వైపు, కొరియాలోని ఉల్సాన్‌లో మూడేళ్ళు ఉండి వచ్చారు. అక్కడ కూడా సముద్రం, షిప్‌యార్డులే కాబట్టి విశాఖ మీద బెంగ పెట్టుకోలేదట. "ఇంగ్లిష్ ఎందుకండీ, మన తెలుగులో లేవేటి?" అని బోర్డు మీద వరసగా రాశారు. వాన వచ్చినట్టుంది. వాన వచ్చేలా ఉంది. వాన వచ్చి ఉంటుంది. వస్తుందేమో. వచ్చే ఛాన్సే లేదు. ప్రతిదాని ఎదురుగా ఒక కొరియన్ వాక్యం.

'పిగా ఓన్ గొత్ కతాయో' అంటే వచ్చినట్టుంది. 'పిగా ఓల్ కొత్ కతాయో' అంటే వచ్చేలా ఉంది. 'ఓల్ జిదో మొల్లాయో' అంటే వస్తుందేమో, 'ఓల్ లిగా ఒప్సొయో' అంటే వచ్చే ఛాన్సే లేదు. (తెలుగులో రాస్తే ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అవుతుంది, సర్దుకోండి.) రెండు భాషల్లోనూ క్రియ చివరనే వస్తుంది, ఊహ ఆ క్రియకి తోకలా తగులుకుంటుంది. ఒక్క సాయంత్రంలో ఐదు వచ్చేశాయి. నాకే ఆశ్చర్యమేసింది.

అసలు చిక్కు మర్నాడు మొదలైంది. మన 'ట్టుంది' ఒక్కటే, వాళ్ళకి రెండున్నాయి. ఒకటి పైన చెప్పిన 'గొత్ కతాయో', రెండోది 'నా బ్వాయో'. తేడా ఏంటని అడిగితే మేడమ్ జవాబు చెప్పలేదు. కిటికీ తలుపు తీశారు. కింద బండి మీద పునుగులు వేసే టైమది, వాసన గదంతా పట్టేసింది. "బండి మీకు కనబడుతోందా? లేదు కదా. ఇప్పుడు చెప్పండి." 'త్విగినా బ్వాయో', వేయిస్తున్నట్టున్నారు. బండి కళ్ళతో చూస్తే ఈ మాట అనకూడదు, వాసనో చప్పుడో ఇంకేదో ఆనవాలు పట్టుకుని చెప్పేటప్పుడే అనాలి. ఇందులో 'బ్వాయో' చూడటం అనే క్రియ రూపమే. చూడనిదాన్ని చెప్పడానికి చూడటం అనే మాటే వాడటం నాకు భలేగా అనిపించింది.

తర్వాత అందర్నీ కిందికి తీసుకెళ్ళి తలా ఒక ప్లేటు పునుగులు ఇప్పించారు (డబ్బులు ఎవరివి వాళ్ళే). నూనెలోంచి తీస్తుండగా చూసి నోరూరితే 'మషిక్కెస్సొయో', అప్పటికప్పుడు కలిగిన ఊహ, మన 'అబ్బ, భలే ఉంటాయి' లాంటిది. బండి చుట్టూ జనం మూగి ఉంటే 'మషిన్నా బ్వాయో', ఇంతమంది ఉన్నారంటే బాగున్నట్టున్నాయి. ఒకటి నోట్లో వేసుకున్నాక మాత్రం 'నా బ్వాయో' చెల్లదు, రుచి మీ నాలుకకి తెలిసిపోయింది కదా! అప్పుడు 'మషిన్నున్ గొత్ కతాయో' అనొచ్చు. తిన్నాక కూడా బాగున్నట్టున్నాయి అనడమేంటని నేను వాదించాను. సినిమా చూసొచ్చి 'బాగున్నట్టుంది' అంటే, చూశావా నిద్రపోయావా అని అడుగుతాం మనం. వాళ్ళకి అది మెత్తగా అభిప్రాయం చెప్పే పద్ధతట. సొంత సంతోషానికి కూడా ఈ తోక తగిలించడమేంటని కొరియాలోనూ పెద్దవాళ్ళు విసుక్కుంటారట. అక్కడొక్కచోట తెలుగు సాయం రాదు, అలవాటు చేసుకోవాల్సిందే.

ఈ 'నా బ్వాయో' నాకు ఎందుకు అంత నచ్చిందంటే, నా ఉద్యోగమే అది. గుద్దినప్పుడు నేను అక్కడ ఉండను. ఆటోనగర్ షెడ్డుకి బండి వచ్చాక వెళ్ళి, సొట్ట ఎటు వంగింది, ఏ రంగు అంటుకుంది, అద్దం పెంకులు సీటు మీదున్నాయా అని చూసి, ఇలా జరిగినట్టుంది అని రాస్తాను. నిన్న రాత్రే గుద్దాడని ఓనరు ప్రమాణం చేస్తాడు, సొట్ట లోపల చూస్తే తుప్పు పట్టి ఉంటుంది. 'పాత సొట్ట' అని రాయడానికి ఇంకేం కావాలి? ఇన్నేళ్ళుగా రిపోర్టుల్లో చూసిందీ ఊహించిందీ వేరువేరుగా రాస్తున్నవాణ్ణి, వ్యాకరణంలోనే ఆ గీత గీసిన భాష తగిలేసరికి హుషారొచ్చింది.

హుషారులో తప్పులు కూడా చేశాను. ఆకలేసి 'చేగా పేగొఫున్గా బ్వాయో' అన్నాను. క్లాసంతా నవ్వింది. "మీ ఆకలి మీకే తెలీదేటండీ, ఊహిస్తన్నారు?" అన్నారు మేడమ్. సొంత సంగతికి ఆ రూపం మామూలుగా కుదరదు. మనకే తెలియకుండా జరిగిపోయిన వాటికైతే పర్వాలేదు, మర్చిపోయినట్టున్నాను అనడానికి 'కంపాఖెన్నా బ్వాయో' నిక్షేపంగా అనొచ్చు. ఇంకో తప్పు, జరిగిపోయిన సంగతి కదా అని చివరి 'బ్వాయో'ని భూతకాలంలోకి మార్చాను. అలా మారదు. వాన నిన్నటిది కావచ్చు, ఊహ ఇప్పటిది. కాలం ముందు క్రియలోకే వెళ్ళాలి, 'వాన్నా బ్వాయో'. మనం 'వచ్చినట్టుంది' అన్నప్పుడు చేసేదీ అదే, ఎప్పుడూ గమనించలేదంతే.

చివర్లో వచ్చింది 'ల్ కల్ల్యో'. గట్టి ఆధారం లేకుండా, ఎదుటివాళ్ళు అనుకుంటున్నదానికి కాస్త అడ్డంగా, తేలిగ్గా అనేసే ఊహ. 'కస్సుల్ కల్ల్యో' అని గొంతు పైకి లేపితే వెళ్ళిపోయి ఉంటాడు లెండి అని. ఆ 'లెండి' ఎక్కడ పడుతుందో ఇది సరిగ్గా అక్కడ పడుతుంది. గొంతు కిందికి దించి 'కల్ కల్' అని తనలో తను అనుకుంటే వెళ్ళుంటే బాగుండేదన్న పశ్చాత్తాపం. రాగం ఒక్కటే తేడా. ఇక్కడే ఆ ఫోన్ స్పీకరు కొంప ముంచింది. పైకి లేచిందో కిందికి దిగిందో వెనక బెంచీలో తెలిస్తే ఒట్టు. ఒక బ్లూటూత్ స్పీకరు ఎంతుంటుంది? పెద్దవాళ్ళ దగ్గర ఈ రూపం వాడొద్దన్నారు, లెక్కలేనట్టు ఉంటుందట.

మా అమ్మాయిలా టోపిక్ (కొరియన్ ఎంత వచ్చో తేల్చే పరీక్ష) రాసే ఆలోచన ఉన్నవాళ్ళకి ఈ క్లాసొక్కటే చాలదు. ఆ పరీక్షలో మూడో లెవెల్ రావాలంటే 300కి 120 మార్కులు కావాలి, వినే భాగం ఉంటుంది, రాసే భాగం ఉంటుంది. ఇక్కడ మూడు నెలల్లో ఒక్క పేరా కూడా రాయించలేదు. మిగిలిన ఐదు వారాల్లో అంకెలు, షాపింగు సంభాషణలు చెప్పారు, అవి యూట్యూబులో ఉచితంగా దొరుకుతాయి. అక్షరాలు ఇంట్లో నేర్చుకుని, ఐదో వారం నుంచి చేరతాం, ఫీజు తగ్గించమని బేరమాడి చూడండి. డబ్బంతా ఒకేసారి మాత్రం కట్టొద్దు. మేడమ్‌కి నేను ఐదుకి ఐదు ఇస్తాను, సెంటరుకి రెండు.

కొత్త బ్యాచి వచ్చే నెల మొదటి శనివారం. మోకాళ్ళ నొప్పులున్న మా బావగారు చేరతానంటే, లిఫ్ట్ సంగతి కనుక్కుందామని నిన్న కింద వాచ్‌మన్‌ని అడిగాను. కుర్చీలోంచి లేవకుండా, అటువైపు తల కూడా తిప్పకుండా, "బాగైపోయుంటాది లెండి బాబూ" అన్నాడు. బావగారికి మెట్లే అని చెప్పేశాను.