నాలుగు కోర్లున్నాయి కదా అని: మాట్‌లాబ్ పార్‌ఫర్‌తో ఆరేళ్లు

శ్రీకాకుళంలో సివిల్ పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన టైములో నాగావళి వరద లెక్కలు చేస్తుంటాను. రాయగడ వైపు పడ్డ వాన తోటపల్లి దాటి మా ఊరి వంతెన కిందికి ఎప్పటికి, ఎంత వస్తుందో అంచనా కట్టే మోడల్ నాది, మాట్‌లాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాసింది. ఒకసారి నడవడానికి ఇరవై సెకన్లు చాలు. కానీ నేల ఎంత పీల్చుకుంటుంది, గెడ్డ ఎంత వేగంగా పారుతుంది లాంటి విలువలు తేలాలంటే 2,000 సార్లు మార్చి మార్చి నడపాలి. ఒకటి అయ్యాక ఇంకొకటి నడిపే మామూలు ఫర్ లూప్‌లో అది పదకొండు గంటల పని. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారుజామున కరెంటు పోయి మొత్తం గోవిందా అయిన రోజులున్నాయి.

లూప్‌లోని పనిని కంప్యూటర్‌లోని నాలుగు కోర్లకూ పంచి ఒకేసారి నడిపే పార్‌ఫర్ దొరికింది కదా అని తొందరపడి మోడల్ లోపల, ప్రతి గంట లెక్కలో పన్నెండు చిన్న పరీవాహక ప్రాంతాలు తిరిగే లూప్‌కి తగిలించాను. ఇరవై సెకన్ల పని కాస్తా నిమిషం దాటింది! మా వైపు ఉభాలు (వరి నాట్లు) చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నలుగురిని మడిలో దింపి, ఒక్కొక్కరికి గుప్పెడు నారు ఇచ్చి, నాటగానే మళ్లీ గట్టుకు రమ్మంటే నడకతోనే పొద్దుపోతుంది. పార్‌ఫర్ పని పంచేది వర్కర్లకు, ఆ వర్కర్ల గుంపే పూల్. మామూలు పూల్‌లో వర్కర్ అంటే విడిగా నడిచే మరో మాట్‌లాబ్. దానికి డేటా పంపాలి, జవాబు వెనక్కి తెచ్చుకోవాలి. అదే పార్‌ఫర్‌ని బయటి 2,000 లూప్‌కి మార్చాక పని మూడున్నర గంటల్లో అయిపోయింది.

మెమరీ దగ్గర ఇంకో దెబ్బ. వాన డేటా 600 ఎంబీ. తలో కాపీ వెళ్లేసరికి నా 8 జీబీ మెషీన్ చతికిలబడింది. 2020లో వచ్చిన థ్రెడ్స్ పూల్‌లో మెమరీ అందరికీ ఉమ్మడే కాబట్టి ఆ బాధ తగ్గింది. అయితే అన్ని ఫంక్షన్లూ అందులో నడవవు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది పార్‌ఫెవాల్ (parfeval), అంటే ఒక్కో పనినీ విడిగా వర్కర్లకు అప్పగించే ఫంక్షన్. కొన్ని విలువలకు మోడల్ రెండు నిమిషాలు మొరాయిస్తుంది. పనులన్నీ క్యూలో పడేసి, ఏది ముందు పూర్తయితే దాన్ని ఫెచ్‌నెక్స్ట్‌తో అందుకుని అప్పటికప్పుడు ఫైల్లో రాసుకుంటాను. కరెంటు పోయినా అప్పటిదాకా చేసింది ఎక్కడికీ పోదు. నాకు వేగం కన్నా ఇదే ఎక్కువ నచ్చింది. ఒక్క జాగ్రత్త: జవాబు అడిగేదాకా ఎర్రర్ బయటపడదు. ఫెచ్‌నెక్స్ట్ అలవాటు కాకముందు ఒకసారి ఫైల్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టి నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున ఫెచ్‌అవుట్‌పుట్స్ అనగానే ఎర్ర అక్షరాలు. చేతిలో ఒక్క ఫలితం లేదు.

ర్యాండమ్ విలువలు వర్కర్లలో పుట్టించకండి. మన దగ్గర సీడ్ (ప్రతిసారీ అవే ర్యాండమ్ అంకెలు రావడానికి ఇచ్చే మొదటి సంఖ్య) పెట్టినంత మాత్రాన అది వర్కర్లకు వర్తించదు. రెండోసారి నడిపితే అంకెలు మారిపోయి, పేపర్ రాసేటప్పుడు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు 2,000 సెట్లూ ముందే తయారు చేసి పంపుతున్నాను.

పార్‌ఫర్‌ని ఇలా కోర్లన్నిటి మీదా నడిపే ప్యారలల్ టూల్‌బాక్స్ లైసెన్సు వేరుగా కొనాలి కాబట్టి పిల్లలకు మాట్‌లాబ్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆక్టేవ్ చెబుతున్నాను. అందులో పనులను ఒకేసారి నడపడానికి పార్‌సెల్‌ఫన్ అనే ఫంక్షన్ బాగానే పనిచేస్తుంది. మొన్నొకబ్బాయి నా కోడ్ అలాగే ఆక్టేవ్‌లో పెట్టి, "పార్‌ఫర్ ఎర్రర్ లేకుండా నడిచింది మాస్టారూ" అని సంబరంగా చూపించాడు. ఆక్టేవ్ పార్‌ఫర్ అన్న మాటను ఒప్పుకుంటుంది గానీ, దాన్ని మామూలు ఫర్‌లాగే నడుపుతుంది. టైము ఎంతైందో చూడమన్నాను.