జహీరాబాద్ సంఘాల ధాన్యం నిధి: రేషన్ దుకాణం పక్కన పెట్టి చూస్తే

1983లో రేషన్ దుకాణాల్లోకి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, అది కాదనలేని మాట. కానీ అప్పటి మెదక్ జిల్లా పడమటి అంచున, జహీరాబాద్ చుట్టూ ఉన్న మెట్ట చెలకల్లో జొన్న వేసేవాళ్ల లెక్క మారిపోయింది. ఎకరం దున్ని, పెంట తోలి, వానను నమ్ముకుని మూడు నాలుగు క్వింటాళ్లు తీసేకంటే కూలికి పోయి బియ్యం కొనుక్కోవడం తేలికైంది. చెలకలు బీడు పడ్డాయి. అదే 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని తోడ్పాటుతో ఏర్పడిన దళిత మహిళల సంఘాలు 1990ల నడుమ ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టాయి. ఊరి బీళ్లలోనే జొన్న పండించి, ఊళ్లోనే నిలవచేసి, ఊరి పేదింటికే తక్కువ ధరకు అమ్మే రేషన్ అది. ఈ సమీక్ష ఆ ధాన్యం నిధి గురించి. తమ ఊళ్లో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది.

పని నడిచే తీరు ఇది. బీడు ఉన్న చిన్న రైతుకు ఎకరానికి ఇంత అని అప్పు ఇస్తారు. ఒకేసారి చేతిలో పెట్టరు. దుక్కికి కొంత, పెంటకు కొంత, విత్తనానికీ కలుపుకూ కొంత, పని జరిగిందని సంఘం ఆడవాళ్లు చేనికి వెళ్లి చూశాకే తర్వాతి విడత. అప్పు తీర్చేది డబ్బుతో కాదు, జొన్నలతో, అయిదేళ్లలో. పథకం మొత్తంలో తెలివైన మెలిక ఇదేనని మా అభిప్రాయం. డబ్బుతో తీర్చమంటే కోతల సమయంలో, ధర అడుగంటినప్పుడే, రైతు గింజలు అమ్ముకోవాలి. గింజలతో తీర్చమంటే ఆ నష్టం ఉండదు, సంఘానికి కొనుగోలు ఖర్చూ ఉండదు. వానాకాలంలో పని దొరకని నెలల్లో ఆ జొన్నలు అమ్మగా వచ్చిన డబ్బు సంఘం ఖాతాలో పడి, మరికొన్ని బీళ్లు లేపడానికి పెట్టుబడి అవుతుంది.

ఎంత ధాన్యం కావాలో ముందే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు వంద ఎకరాల బీడు సాగులోకి వచ్చి, ఎకరానికి ఏటా క్వింటాలు చొప్పున నిధికి వచ్చిందనుకుందాం. అది వంద క్వింటాళ్లు. వంద పేద ఇళ్లకు పంచితే ఇంటికి క్వింటాలు, ఆరు నెలలకు సర్దితే నెలకు పదహారు కిలోల పైచిలుకు. రోజుకు కిలో పిండి రొట్టెలు చేసుకునే అయిదుగురి ఇంటికి అది సగం నెల తిండే. కాబట్టి దీన్ని రేషన్ బియ్యానికి తోడుగా చూడాలి. దాని బదులు అనుకుని మొదలుపెట్టినవాళ్లు మొదటి ఏడాదే నిరాశపడతారు.

ఎవరికి ఎంత ఇవ్వాలన్నది నిర్ణయించే పద్ధతికి పూర్తి మార్కులు వేస్తాం. ఊరందరినీ కూర్చోబెట్టి నేల మీద ముగ్గుపిండితోనో రంగులతోనో ఊరి పటం వేస్తారు. ఒక్కో ఇంటి గురించి, భూమి ఎంత, ఎద్దులున్నాయా, సంపాదించే చేతులెన్ని, ఏడాదిలో ఎన్ని నెలలు కూలి మీదే బతుకుతారు అని అందరి ముందూ మాట్లాడి, ఆ ఇంటికి పేదరికపు గుర్తు వేస్తారు. ఎంత పేద ఇల్లయితే అంత ఎక్కువ జొన్న. రేషన్ కార్డుంటే అందరికీ ఒకటే అనే లెక్క ఇక్కడ లేదు. అబద్ధం చెప్పడం కష్టం, ఎందుకంటే పక్కింటామె అక్కడే కూర్చుని ఉంటుంది. ఈ పని ఊరి పెద్దమనుషుల చేతికి వెళ్తే మాత్రం చెడుతుంది. పటం వేసే చేయి పేద ఆడవాళ్లదే కావాలి.

ఇలాంటి నిధులు పొలంలో కంటే ఎక్కువగా దెబ్బతినేది నిలవలో. గింజలో తేమ పన్నెండు శాతం దాటితే బూజు, ముక్కుపురుగు రెండూ ఖాయం. కొలిచే యంత్రం లేకపోతే పంటికింద పెట్టి చూడాలి: టక్కున విరగాలి, మెత్తగా నలిగితే కల్లంలో ఇంకా రెండెండలు కావాలి. ఎండలోంచి తెచ్చి వేడివేడిగా గుమ్మిలో పోయకూడదు. రాత్రి చల్లారాక పొద్దున్నే పోయాలి, లేకపోతే లోపల చెమ్మ పట్టి పై పొర గడ్డకడుతుంది. గుమ్మికి లోపలా బయటా పేడమట్టి అలికి, పగుళ్లు లేకుండా ఆరబెట్టాలి. నీడలో ఎండబెట్టిన వేపాకు పొరపొరకూ వేయాలి. పచ్చి ఆకు వేస్తే దాని తడి గింజలోకి దిగుతుంది. ఇది చాలాచోట్ల జరిగే తప్పు.

నీరు నిలవని గట్టి మొరం నేల ఉంటే పాతర, అంటే నేలలో తవ్వి గింజ దాచే గొయ్యి, మంచిదే. గాలి ఆడదు కాబట్టి పురుగు బతకదు. రెండు జాగ్రత్తలు. పాతర గింజ తిండికే, విత్తనానికి పనికిరాదు, మొలక దెబ్బతింటుంది. రెండోది ప్రాణాలకు సంబంధించింది. మూత తీయగానే ఎవరూ దిగకూడదు. లోపల గింజ ఊపిరి విడిచిన విషగాలి నిండి ఉంటుంది. కొన్ని గంటలు తెరిచి ఉంచి, తాడుకు కట్టిన దీపం అడుగుదాకా దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు.

కందులు, పెసలతో ఇబ్బంది వేరు. వాటి పురుగు చేనులోనే కాయ మీద గుడ్డు పెట్టి గింజతోపాటు ఇంటికి వస్తుంది. అందుకే గుమ్మి ఎంత శుభ్రంగా ఉన్నా పుచ్చిపోతాయి. కిలోకు అయిదు మిల్లీలీటర్ల నూనె పట్టించడం, బూడిద కలపడం, ఎర్రమట్టి పూయడం, ఈ మూడింట్లో ఏదైనా పనిచేస్తుంది.

ఈ సంఘాల పొలాల్లో ఒక్క జొన్నే ఉండదు. జొన్న, కంది, పెసర, బబ్బెర్లు, అనుములు, కొర్ర, తైద (రాగి), నువ్వులు, పుంటికూర ఒకే చేనులో కలిసి పెరుగుతాయి. పన్నెండు పంటలని పేరే ఉంది. వాన ఆగితే ఒకటి పోయినా ఇంకోటి చేతికొస్తుంది. లెక్కలోకి రాని తిండి ఇంకోటుంది: కలుపు తీసేటప్పుడు ఏరుకునే తుమ్మికూర, జొన్నచెంచలి, పొన్నగంటి. వీటిని ఏరుకోవడానికి భూమి లేని ఆడవాళ్లనూ రానిస్తారు. కోతలయ్యాక పరిగె, అంటే చేనులో మిగిలిన వెన్నులు, గింజలు, ఏరుకునే హక్కు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కలుపుమందు కొట్టిన చేనులో ఈ కూర దొరకదు, దొరికినా తినకూడదు. పరిగె సంగతీ అంతే. పత్తి వేసిన చేనులో ఏరుకుని వండుకోవడానికి ఏముంటుంది? ఊళ్లో తిండి పంట తగ్గితే అన్నిటికంటే ముందు నష్టపోయేది పరిగె మీద ఆధారపడే ఇల్లు. ఆహార భద్రత లెక్కలు వేసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోకపోవడం మాకు బాధగా ఉంటుంది.

లోపాలు చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. మొదటిది శ్రమ. పెంట తోలడం, కలుపు, కోత, నూర్పిడి, అన్నీ చేతి పని, అదీ వయసు పైబడుతున్న ఆడవాళ్ల చేతి పని. రెండోది దంపుడు. కొర్ర, సామ పొట్టు తీయడానికి ఊళ్లో మర లేకపోతే ఎంత పండినా తినేవాళ్లు ఉండరు. వంద కిలోల కొర్రలకు అరవై, డెబ్బై కిలోల బియ్యమే వస్తుంది. పైపొర తీయని ఆ బియ్యం తొందరగా ముక్క వాసన వేస్తుంది. కాబట్టి పొట్టుతోనే నిలవ చేసి నెలకు సరిపడా మాత్రమే ఆడించుకోవాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. తెలంగాణలో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం ఉచితం, 2025 ఉగాది నుంచి అదీ సన్నబియ్యం. ఎంత చవకగా ఇచ్చినా జొన్న దానితో ధరలో పోటీ పడలేదు. 2013 ఆహార భద్రత చట్టం ముతక ధాన్యాన్ని కిలో రూపాయికి ఇవ్వొచ్చని రాసింది. జహీరాబాద్ దాటగానే వచ్చే కర్ణాటకలో రేషన్‌లో జొన్నలు, రాగులు ఇస్తున్నారు. ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్‌తో రాగులను రేషన్‌లోకి తెచ్చింది. అలాంటి కొనుగోలు ఇక్కడా ఉంటే సంఘాల గింజకు గట్టి నిలకడ వస్తుంది. లేనంతకాలం ఈ నిధి సంఘం పట్టుదల మీదే నడవాలి.

విత్తనం విషయంలో మాత్రం సందేహం లేదు, దీనికి సాటి తక్కువ. ఎనభైకి పైగా స్థానిక రకాలు సంఘాల దగ్గర ఉన్నాయి. అప్పు తీసుకున్న విత్తనానికి పంట వచ్చాక ఒకటిన్నర నుంచి రెండింతలు తిరిగి పెట్టాలి. ప్రకృతిని కాపాడుకుంటూ బతుకు బాగుచేసుకునే స్థానిక సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే ఈక్వేటర్ బహుమతి 2019లో ఈ సంఘాలకు వచ్చింది. చూడాలనుకునేవాళ్లు సంక్రాంతినాడు మొదలయ్యే పాత పంటల జాతరకు వెళ్లొచ్చు. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. అక్కడ జొన్న రకం గురించి అడిగితే రెండు ప్రశ్నలు తప్పక అడగండి: ఎర్ర చెలకదా, నల్లరేగడిదా, వానాకాలందా, యాసంగిదా. యాసంగి తెల్లజొన్నను వానాకాలంలో వేస్తే గింజ పాలుపోసుకునేటప్పుడు వానకు బూజు పడుతుంది. ఆ కాలానికి పచ్చజొన్నే తట్టుకుంటుంది.