డెత్ ఎల్పీ: పాటలు గట్టివి, ప్లేయరు చూసుకోండి

అమెరికాలోని డెట్రాయిట్‌లో హాక్నీ అన్నదమ్ములు డేవిడ్, బాబీ, డానిస్ పెట్టిన రాక్ బ్యాండు డెత్. 1975లో వాళ్ళు రికార్డు చేసిన ఏడు పాటలివి. పంక్ రాక్‌కు పేరుపడ్డ రమోన్స్ బ్యాండు తొలి ఆల్బమ్ వచ్చింది ఆ మరుసటి ఏడు. బ్యాండు పేరు మార్చుకుంటేనే కాంట్రాక్టని రికార్డు కంపెనీ అంది, డేవిడ్ ఒప్పుకోలేదు. 1976లో సొంత ఖర్చుతో రెండు పాటల సింగిల్ రికార్డు 500 కాపీలు వేసుకున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. 2000లో డేవిడ్ పోయాడు. తర్వాత ఆ సింగిల్ కోసం కలెక్టర్లు ఎగబడ్డారు. బాబీ అటక మీది టేపులు దిగాయి, 2009లో డ్రాగ్ సిటీ అనే రికార్డు కంపెనీ ఈ ఎల్పీ తెచ్చింది.

మొదటి పాట 'కీప్ ఆన్ నాకింగ్', చివరిది 'పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్'. ఆ పాత సింగిల్‌లోవి ఈ రెండే, ఇప్పటికీ అన్నిట్లో మేలైనవీ ఇవే. డానిస్ డ్రమ్స్‌లో బోనాల డప్పుకున్నంత దూకుడుంది. నెమ్మదిగా సాగే 'లెట్ ద వరల్డ్ టర్న్' మాత్రం కొంచెం సాగదీతే. మొత్తం కలిపి 26 నిమిషాలు. కస్టమ్స్, కొరియర్ కలుపుకుంటే ధర ఎక్కువే.

హనుమకొండలో చాలా ఇళ్ళల్లో అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన పాత టర్న్‌టేబుళ్ళున్నాయి. చిక్కంతా అక్కడే. 110 వోల్టులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు సరే, అది వోల్టేజీనే తగ్గిస్తుంది, అమెరికా 60 హెర్ట్జ్‌కు చేసిన మోటరుకు అందేది మన 50 హెర్ట్జ్ కరెంటే. హెర్ట్జ్‌ను బట్టి తిరిగే పాత ఏసీ సింక్రోనస్ మోటరైతే నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ప్లేటు 28 కూడా తిరగదు. పాట మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది. ఇంత వేగం పాటలు నీరసంగా వినిపిస్తే తప్పు బ్యాండుది కాదు. మోటరుకు 50 హెర్ట్జ్‌కు సరిపడే పుల్లీ వేయించాలి. డీసీ మోటరుకు ఈ బాధ లేదు.

టర్న్‌టేబుల్ వైరు నేరుగా యాంప్లిఫయరు ఆక్స్‌లో గుచ్చితే బాబీ బేస్ గిటారు మాయమవుతుంది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి కోస్తారు, దాన్ని తిరిగి పెంచేది ఫోనో ప్రీయాంపే. సూది ఉండే కార్ట్రిడ్జి ఏటీ-వీఎం95ఈ అయితే, రికార్డు మీద సూది మోపే బరువు 2 గ్రాములు పెట్టాలి. తక్కువ పెడితే సింబళ్ళు చిరచిరలాడతాయి, సూది గాడిలోంచి ఎగిరి గాడినే గీస్తుంది. గ్రానైట్ దుమ్ముకు ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్ తప్పదు.

ఆర్డరు డిసెంబరు, జనవరిలో పెట్టండి. ఎండాకాలం మూసిన బండిలో వేడి 60 డిగ్రీలు దాటిందంటే వినైల్ వంకరపోతుంది, బరువు పెట్టి నొక్కినా మళ్ళీ చదునవడం కష్టం.