పుల్టెక్ ఈక్వలైజర్‌కి కాయిల్ కావాలా? అనంతపురం పాతూరులో చుట్టిస్తారు

పాతూరులో తాడిపత్రి బస్టాండుకి దగ్గరలో, సందు లోపల ఒక మోటారు వైండింగ్ షాపు ఉంది. ముందంతా బోరు మోటార్లు, లోపల గోడవారగా విప్పిన సీలింగ్ ఫ్యాన్లు. నేను సొంతంగా కట్టుకున్న స్టూడియో ఈక్వలైజర్‌కి (శబ్దంలో బాస్, ట్రెబుల్ పెంచి తగ్గించే పెట్టె) కాయిల్, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ రెండూ చుట్టిచ్చింది ఈ షాపాయనే. ఆడియో పని చేసే మనవాళ్ళు ఇలాంటి వాటికోసం బయట దేశాల వైపు చూస్తున్నారు. ఆ అవసరం చాలావరకు లేదు. పేరు, నంబరు పెట్టొద్దన్నాడు కాబట్టి పెట్టడం లేదు. బస్టాండు దగ్గర ఫ్యాన్ల వైండింగ్ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ముందు నేను కట్టిందేమిటో చెప్పాలి. అమెరికాలో న్యూజెర్సీలోని పల్స్ టెక్నిక్స్, పొట్టిగా పుల్టెక్, అనే చిన్న కంపెనీ 1951లో ఈక్యూపీ-1 అనే ఈక్వలైజర్ తెచ్చింది. దాని వెనకున్న ఇంజనీరు యూజీన్ షెంక్. తర్వాత వచ్చిన ఈక్యూపీ-1ఏ ఇప్పటికీ స్టూడియోలవాళ్ళు కలలు కనే పెట్టె. మంచి స్థితిలో ఉన్న అసలుది కొనాలంటే లక్షల్లో మాట. కానీ లోపల సర్క్యూట్ చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, అంత చిన్నది. బాస్, ట్రెబుల్ మార్చే భాగంలో కరెంటుతో నడిచే పార్టు ఒక్కటీ లేదు. కండెన్సర్లు, రెసిస్టర్లు, ఒక కాయిల్, అంతే. ఆ భాగం దాటేసరికి సిగ్నల్ సుమారు 16 డీబీ (డెసిబెల్స్) పడిపోతుంది. పడినదాన్ని మళ్ళీ పైకి లేపడానికి 12ఏఎక్స్7, 12ఏయూ7 అనే వాల్వులతో (గాజు ట్యూబులు) ఒక యాంప్లిఫయర్ ఉంటుంది.

బాస్ వైపు 20, 30, 60, 100 హెర్ట్జ్ అని నాలుగు స్థానాలు. వీటికి కాయిల్ అక్కర్లేదు. అసలు పనితనమంతా ట్రెబుల్ పెంచే వైపు ఉంది. 3, 4, 5, 8, 10, 12, 16 కిలోహెర్ట్జ్ అని ఏడు స్థానాలు. ఒక్కో స్థానంలో కాయిల్‌లో కొంత భాగం, ఒక కండెన్సర్ జత కట్టి ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర గుట్టలా లేపుతాయి. అంటే ఒకే కాయిల్ మీద చాలా చోట్ల ట్యాపింగులు, అంటే మధ్యలోంచి కొసలు, బయటికి తియ్యాలి. రెసిస్టర్లు, పాట్లు (నాబుతో తిప్పే రెసిస్టర్లు), రోటరీ స్విచ్చులు బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక్క పూటలో దొరికిపోయాయి. ఈ కాయిల్ మాత్రం ఏ షాపులోనూ లేదు. బయటినుంచి తెప్పిస్తే కస్టమ్స్, కొరియర్ కలిపి కాయిల్ ధర కంటే ఎక్కువయ్యేట్టుంది.

ఫ్యాన్ల షాపే ఎందుకంటే, సీలింగ్ ఫ్యాన్లలో వాడేది మామూలుగా 34 నుంచి 36 గేజి ఎనామెల్ వైరు. నాకు కావలసింది సరిగ్గా 36 గేజి, అంటే 0.19 మిల్లీమీటర్ల రాగి తీగ. అది ఆయన దగ్గర రీళ్ళకొద్దీ ఉంది. చేత్తో తిప్పే వైండింగ్ మిషను ఉంది, దానికి చుట్లు లెక్కపెట్టే కౌంటరు ఉంది. నేను తీసుకెళ్ళాల్సింది ఫెర్రైట్ పాట్ కోరు (కాయిల్‌ని చుట్టూ మూసే అయస్కాంత పదార్థపు డిబ్బీ), దాని బాబిను (తీగ చుట్టే కండె), చుట్ల లెక్క రాసిన కాగితం.

లెక్క కష్టమేమీ కాదు. నేను కొన్న 36 మిల్లీమీటర్ల పాట్ కోరుకి ఏఎల్ విలువ, అంటే ఒక్క చుట్టుకి వచ్చే ఇండక్టెన్స్, 250 నానోహెన్రీలు. చుట్ల సంఖ్యను దాంతోనే గుణించి, వచ్చినదాన్ని ఏఎల్‌తో గుణిస్తే ఇండక్టెన్స్ వస్తుంది. 20 మిల్లీహెన్రీలకి 283 చుట్లు, 100కి 632, మొత్తం 175 మిల్లీహెన్రీలకి 837. 100 మిల్లీహెన్రీలకి 10 నానోఫ్యారడ్ల కండెన్సర్ కలిస్తే 5 కిలోహెర్ట్జ్. మొత్తం కాయిల్‌కి 15 నానోఫ్యారడ్లు కలిస్తే 3.1. చివర్న 20 మిల్లీహెన్రీల ట్యాపింగుకి 4.7 నానోఫ్యారడ్లు పెడితే 16 దాటి కొంచెం పైన ఆగుతుంది. ఒక ధైర్యం కూడా చెప్పాలి. ఫ్రీక్వెన్సీ చుట్ల సంఖ్యకి విలోమంగా, చుట్లు పెరిగితే అదే నిష్పత్తిలో తగ్గుతూ, మారుతుంది కాబట్టి, 837లో ఎనిమిది చుట్లు అటూ ఇటూ అయినా తేడా ఒక శాతమే. చెవికి అది తెలియదు.

ఆయన ట్యాపింగు తీసే పద్ధతి దగ్గర కూర్చుని చూడాల్సిందే. 283 దగ్గర కౌంటరు ఆగగానే వైరు తెంచలేదు. తీగను ఒక జానెడు బయటికి లాగి మడిచాడు, ఆ మడతను రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టాడు, సన్నటి పసుపు స్లీవు తొడిగి బాబిను గాడిలోంచి బయటికి పంపాడు. దాని కింద వేలెడు మైలార్ పేపరు ముక్క పెట్టి, మళ్ళీ అక్కణ్ణుంచే చుట్టడం మొదలుపెట్టాడు. మొదటినుంచి చివరిదాకా తీగ ఒక్కటే. మధ్యలో తెంచి అతికిన జాయింటు ఎక్కడా లేదు. జాయింటు లేని చోట పదేళ్ళ తర్వాత కూడా కర్రకర్రమని శబ్దం రాదు. చివరికి మడతల కొసలను బ్లేడుతో గీకి, ఎనామెల్ పూర్తిగా పోయేదాకా చూసి, సీసం పూశాడు. వార్నిష్‌లో ముంచుతానన్నాడు, వద్దన్నాను. నా ఎల్‌సీఆర్ మీటరుతో ఇండక్టెన్స్ కొలిస్తే ప్రతి ట్యాపింగూ లెక్కకి మూడు శాతం లోపే ఉంది. ఆ కోరు తయారీలో సహజంగా ఉండే తేడా కూడా అంతే.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సంగతికొస్తే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. 230 వోల్టుల ప్రైమరీ (లైను కరెంటు ఇచ్చే వైపు చుట్లు), సెకండరీ వైపు వాల్వులకి 200 వోల్టులు, హీటర్లకి 6.3 వోల్టులు అడిగాను. ఆ 200 వోల్టులు బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు), కండెన్సర్ దాటేసరికి 280 డీసీ అవుతుంది. ప్రైమరీకి, సెకండరీకి మధ్య రాగి రేకు పొర వెయ్యమన్నాను. అన్నీ విని ఆయన అన్నమాట: “రేకు కొసలు రెండూ తాకకూడదప్పా, తాకితే అదే ఒక చుట్టయి షార్టవుతుంది.” నేను చెప్పబోయింది అదే, ఆయనే ముందు చెప్పేశాడు. తర్వాత వోల్టుకి చుట్లు కొంచెం పెంచుతానన్నాడు. ఎందుకన్నా అంటే, ఇక్కడ రాత్రిపూట వ్యవసాయ మోటార్లు ఆగిపోయాక లైను 250 దాకా లేస్తుందని, అప్పుడు కోరు నిండిపోయి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుందని చెప్పాడు. స్టెబిలైజర్లు చుట్టీ చుట్టీ వచ్చిన తెలివి అది. స్టూడియో పెట్టెకి ఇంతకంటే మేలైన సలహా లేదు. చుట్లు పెరిగితే కోరులో ఫ్లక్స్ తగ్గుతుంది, బయటికి చిమ్మే అయస్కాంత క్షేత్రం తగ్గుతుంది, పక్కనున్న కాయిల్‌లోకి 50 హెర్ట్జ్ హమ్ (కరెంటు లైను గుయ్యిమనే శబ్దం) తక్కువ దూరుతుంది.

ఈ హమ్ గురించి ఒక్కమాట, కట్టాలనుకునేవాళ్ళకి. కాయిల్‌ని ముందే బిగించెయ్యొద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌కి వీలైనంత దూరంగా, రెండో చివర పెట్టి, పొడవాటి వైర్లతో వదిలెయ్యండి. పెట్టె ఆన్ చేసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వెడల్పాటి ప్లాస్టిక్ పుల్లతో కాయిల్‌ని మెల్లగా తిప్పుతూ వినండి. ఒక కోణంలో హమ్ గభాలున తగ్గిపోతుంది. అక్కడే బిగించండి. 280 వోల్టులు ప్రాణం తీస్తాయి, కాబట్టి ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునే ఈ పని చెయ్యండి. స్విచ్ ఆపేశాక కూడా కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది, దాన్ని దింపే రెసిస్టరు తప్పనిసరిగా పెట్టండి.

ఇక శబ్దం. మా రికార్డింగు గదికి ఎక్కువగా వచ్చేది భజన బృందాలు, తత్వాలు పాడేవాళ్ళు, అప్పుడప్పుడు ఉరుములవాళ్ళు, అంటే ఉరుము అనే డోలు వాయించేవాళ్ళు. ఉరుము శబ్దాన్ని మైకులో పట్టడం కష్టం. కింద గంభీరం కావాలి, కానీ బాస్ పెంచితే మొత్తం ముద్దయిపోతుంది. ఈ పెట్టెలో ఒక విచిత్రం ఉంది. బాస్ పెంచే నాబు, తగ్గించే నాబు వేర్వేరు. రెండూ ఒకేసారి తిప్పితే ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి కదా, అలా జరగదు. రెండు సర్క్యూట్ల వంపులు సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడవు. అందుకని 60 దగ్గర పెరిగి, దానికి పైన రెండు మూడు వందల హెర్ట్జ్ ప్రాంతంలో పల్లం పడుతుంది. ఆ పల్లంలోనే ముద్దతనం పోతుంది. ఉరుము మీద అలా పెట్టి విన్నప్పుడు, పుల్ల తోలు మీద రాసుకునే గరగర విడిగా, కింది మోత విడిగా వినబడ్డాయి. తాళాల మీద 12 కిలోహెర్ట్జ్ బాగా పెంచినా చెవిలో గుచ్చుకోలేదు. బ్యాండ్‌విడ్త్ నాబు (ఆ గుట్ట ఎంత వెడల్పుండాలో మార్చేది) వెడల్పు వైపు ఉంచితే చాలు. ఇదే డిజైనుని అనుకరించే సాఫ్ట్‌వేర్ ప్లగిన్లు నేను రోజూ వాడతాను, అవీ మంచివే. కానీ పాడేవాళ్ళు ఎదురుగా ఉండగా, రికార్డు అవుతున్నప్పుడే చేత్తో తిప్పి శబ్దం కుదుర్చుకోవడం నాకు చాలా నచ్చింది.

షాపులో లోపాలు లేకపోలేదు. ట్యాపింగులన్నిటికీ ఒకే పసుపు స్లీవు వేశాడు, ఏది ఏదో మీటరుతో వెతుక్కోవాల్సి వచ్చింది. మీరు వెళ్తే వేర్వేరు రంగుల స్లీవులు మీరే కొని ఇవ్వండి. ఎండాకాలం అస్సలు వెళ్ళొద్దు. బోరు మోటారు కాలిపోయి చీనీ (బత్తాయి) తోట ఎండుతున్న రైతు వస్తే ఆయన మిగతా పనులన్నీ పక్కన పెట్టేస్తాడు. పెట్టాలి కూడా. నా పని వాయిదా మీద వాయిదా పడింది, దానిమీద నాకు కోపం లేదు. ఫోన్లో ఆర్డరు తీసుకోడు, మనమే వెళ్ళి కాగితం చూపించి వివరించాలి. బిల్లు ఉండదు.

ఒక పని మాత్రం ఆయనకి ఇవ్వొద్దు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు. వాటికి నికెల్ రేకులు కావాలి, ప్రైమరీ సెకండరీలను పొరలు పొరలుగా కలిపి చుట్టాలి. ఆ సామాను ఇక్కడ లేదు, ఆయన కూడా నిజాయితీగా “అది నా పని కాదప్పా” అనేశాడు. అవి నేను తయారైనవే కొన్నాను, మొత్తం ఖర్చులో సగం వాటికే పోయింది.

కాయిల్ చుట్టినందుకు 400 రూపాయలు, ట్రాన్స్‌ఫార్మర్‌కి రేకులు, రాగి, కూలి అన్నీ కలిపి 1,800 తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌ని రాత్రంతా లైనులో పెట్టి, పొద్దున అరచేత్తో వేడి చూశాకే ఇచ్చాడు. స్టీరియో కోసం రెండో ఛానెల్ మొదలుపెట్టాను. దానికి కావలసిన పాట్ కోరు, ఈసారి ఏడు రంగుల స్లీవులతో సహా, ఇప్పటికే ఆయన బల్ల మీద ఉంది. వానలు పడ్డాక చుట్టిస్తానన్నాడు.