ఫేస్‌లిఫ్ట్ జరిగిన ఆరేళ్లకు

57 ఏళ్ల వయసులో ఫేస్‌లిఫ్ట్, అంటే జారిన ముఖాన్ని పైకెత్తి కుట్టే ఆపరేషన్, చేయించుకున్నాను. ఇప్పుడు నాకు 63. ఆపరేషన్ జరిగిన మూడో రోజున రాయమంటే ఇందులో ఏడుపు తప్ప ఏమీ ఉండేది కాదు. మూడో నెలలో అయితే అన్నీ పొగడ్తలే. ఆరేళ్లు ఆ ముఖంతో తిరిగాను కనుక ఇప్పుడు నిలకడగా చెప్పగలను. ఆ వయసు మళ్లీ వస్తే మళ్లీ చేయించుకుంటాను, కానీ సర్జన్‌ని అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

అప్పుడు నేను అడిగినది ఒక్కటే: ఎన్నేళ్లు చిన్నగా కనిపిస్తాను? నా ముఖంలో జారినదేది, పాడైనదేది, తరిగినదేది అని అడగాల్సింది. ఫేస్‌లిఫ్ట్ బాగుచేసేది ముఖ్యంగా జారినదాన్నే. దవడ అంచు దాటి వేలాడే బుగ్గలు, గడ్డం కింద వదులు, మెడ మీద తాళ్లలా తేలిన కండరం, వీటికి అది బాగా పనిచేస్తుంది. నాకూ చేసింది. ఎండకు పాడైన చర్మం, మంగు మచ్చలు, పై పెదవి మీది సన్నని గీతలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. కనురెప్పలకు, నుదుటికి వేరే ఆపరేషన్లు ఉన్నాయి. వయసుతో తరిగిపోయిన కొవ్వును లాగి తెప్పించలేరు, శరీరంలో మరోచోటి నుంచి తీసి నింపాల్సిందే. ముక్కు పక్కనుంచి నోటిదాకా దిగే గీత పోతుందని నేనెంతో ఆశపడ్డాను. కొంత తగ్గింది, అంతే. దాదాపు ఏడాది పాటు అద్దంలో ఆ గీతనే చూసుకుంటూ, చక్కగా కుదిరిన దవడను చూడటం మానేశాను. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే ఆ బాధ తప్పేది.

ఏ పొరను ఎత్తి కుడతారో కూడా అడగండి. చర్మం కింద, కొవ్వుకు దిగువన పలుచని పొర ఒకటి ఉంటుంది. వైద్యులు దాన్ని స్మాస్ అంటారు. 1976లో మిట్జ్, పేరోనీ అనే ఇద్దరు సర్జన్లు దాన్ని వివరించారు. చర్మాన్ని మాత్రమే లాగి కుట్టితే బరువంతా కుట్ల మీదే పడుతుంది, మచ్చ వెడల్పవుతుంది, చెవి తమ్మె కిందికి సాగుతుంది. లోపలి పొరను పైకెత్తి బిగిస్తే పైన చర్మం బిగువు లేకుండా పరుచుకుంటుంది. నా ముఖం లాగినట్లు కనిపించకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

పొగతాగేవారు ఆపరేషన్‌కు కనీసం నెల ముందే పూర్తిగా మానాలి. నికోటిన్ వల్ల సన్నని రక్తనాళాలు కుంచించుకుపోతాయి, ఎత్తి కుట్టిన చర్మానికి రక్తం అందక అది నల్లబడి చనిపోవచ్చు. నికోటిన్ చూయింగ్ గమ్‌ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, చేపనూనె మాత్రలు రక్తస్రావాన్ని పెంచవచ్చు కనుక, వేసుకునేవన్నీ దాచకుండా చెప్పండి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు దాన్ని సొంతంగా ఆపకూడదు, రాసిచ్చిన డాక్టరే నిర్ణయించాలి. నా బీపీ అదుపులో లేదని సర్జన్ తేదీని రెండు వారాలు వెనక్కి జరిపారు. అప్పుడు విసుక్కున్నాను.

ఎందుకు జరిపారో మొదటి రాత్రి అర్థమైంది. రెండు చెంపల్లో ఒకే తీరుగా ఉన్న బిగువు, అర్ధరాత్రి దాటాక ఎడమవైపు మాత్రమే పెరగసాగింది. లోపల రక్తం గడ్డకట్టి చేరుతోంది. వెంటనే కుట్లు విప్పి దాన్ని తీసేశారు. ఫేస్‌లిఫ్ట్ తర్వాత ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే, సాధారణంగా మొదటి 24 గంటల్లోనే వస్తుంది. మగవారిలో, బీపీ అదుపులో లేనివారిలో ఇంకా ఎక్కువ. అందుకే ఆ రాత్రి పక్కన మనిషి ఉండాలి. ఒకవైపే వాపు, ఒకవైపే నొప్పి పెరిగితే తెల్లవారేదాకా ఆగకూడదు. నా పక్కన మా చెల్లెలుంది. "అక్కా, రెండు వైపులూ ఒకలా లేవు" అని నాకంటే ముందు గుర్తించింది తనే.

తర్వాతి పది రోజులు మనసుకే కష్టం. వాచి, కమిలి, ఎవరిదో తెలియని ముఖం అద్దంలో కనిపిస్తుంది. నొప్పి నేను భయపడినంత లేదు. దిగులు మాత్రం ఊహించినదానికి రెండింతలు. చాలామందికి ఇలాగే ఉంటుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే, తప్పు చేశానేమోనని అన్ని రాత్రులు ఏడ్చేదాన్ని కాదు. రెండు వారాలకు బయటికి వెళ్లగలిగాను. శుభకార్యం ఏదైనా ఉంటే కనీసం రెండు నెలలు దూరంగా పెట్టుకోండి. చెవి వెనక మచ్చ మొదట ఎర్రగా ఉండి, తర్వాత నల్లబడి, లేతబడటానికి ఏడాది పట్టింది. గాయాలు ఉబ్బి కీలాయిడ్లు అయ్యే శరీరమైతే ఆ సంగతి మొదటి మాటల్లోనే చెప్పాలి. మగవారు ఇంకొకటి అడగాలి. గడ్డం పెరిగే చర్మం జరిగి చెవి దగ్గరికి వస్తుంది కనుక, అంతకుముందు అవసరంలేని చోట గీసుకోవాల్సి రావచ్చు.

ఆపరేషన్ వయసును ఆపదు. నాకు నాలుగో ఏడు దాటాక మెడ మళ్లీ కాస్త వదులైంది. దవడ ఇప్పటికీ బాగుంది. రెండోసారి చేయించుకునే ఆలోచన లేదు, ఉన్నదానితో నాకు తృప్తిగా ఉంది.

చెవికి స్పర్శనిచ్చే నరం ఈ ఆపరేషన్‌లో దెబ్బతినే అవకాశం ఎక్కువ. కుడి చెవికి అయిదు నెలల్లో స్పర్శ తిరిగివచ్చింది. ఎడమ తమ్మె ఇప్పటికీ మొద్దుగానే ఉంది. ఒకసారి కమ్మ గుచ్చుకుని రక్తం కారినా నాకు తెలియలేదు. ఆ వైపు కమ్మ ఇప్పుడు అద్దంలో చూసుకుంటూనే పెట్టుకుంటాను.