థెరపీ వర్క్‌షీట్లు: నాలుగేళ్లు వాడాక

నేను చేసే కౌన్సెలింగ్‌లో, వచ్చినవాళ్లు రాసి నింపుకునే వర్క్‌షీట్లు నాలుగేళ్లుగా వాడుతున్నాను, ఎక్కువగా సీబీటీవి, అంటే ఆలోచనల తీరునీ అలవాట్లనీ మార్చుకోవడం మీద నడిచే థెరపీవి. మొదట్లో డబ్బు కట్టి ఒక సైటులో చేరాను. బొమ్మలూ రంగులూ బాగానే ఉండేవి గానీ ఒకే షీటు నాలుగు పేర్లతో కనిపించేది, ఏడాది తిరగ్గానే మానేశాను. ఇప్పుడు నా బల్ల మీద బాగా నలిగేవి పశ్చిమ ఆస్ట్రేలియాలోని సెంటర్ ఫర్ క్లినికల్ ఇంటర్వెన్షన్స్ అనే ప్రభుత్వ సంస్థ ఉచితంగా పెట్టినవే. ఆందోళనకి, డిప్రెషన్‌కి, పనులు వాయిదా వేసే అలవాటుకి విడివిడిగా ఉంటాయి, ఏ వ్యాయామం ఎందుకో కూడా వివరంగా రాసి ఉంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ముందు అవి చదవండి.

నాకు అసలు చిక్కు భాష దగ్గర వచ్చింది. థాట్ రికార్డు అంటే మనసు కలతపడ్డప్పుడు ఏమనుకున్నామో రాసుకునే షీటు. అందులో ఏడు గడులుంటాయి, ఆలోచనకి ఒక గడి, భావానికి ఇంకో గడి. మనం రెండిటికీ ‘అనిపించింది’ అనే అంటాం కదా: ‘బాధ అనిపించింది’, ‘నేనెవరికీ అక్కర్లేదనిపించింది’. ఒకావిడ రెండు గడుల్లోనూ ఒకే వాక్యం రాసుకొచ్చారు. తప్పు ఆవిడది కాదు, నా తర్జుమాది. ఆ శీర్షికలు కొట్టేసి ‘అప్పుడు మనసులో ఏ మాట తిరిగింది?’, ‘ఏం వచ్చింది: ఏడుపా, కోపమా, భయమా?’ అని పెట్టాను, మొత్తం ఏడు గడులని మూడు చేశాను. అప్పట్నుంచి నింపి తెచ్చేవాళ్లు పెరిగారు.

రోజులో ఒక టైం పెట్టుకుని దిగుళ్లన్నీ అప్పటికి వాయిదా వేసే వ్యాయామం మాత్రం పెద్దగా మార్చకుండానే పనికొచ్చింది.

ఇంకో సంగతి. కాగితం ఇంటికి పంపేముందు ‘దీన్ని ఎక్కడ దాచుకుంటారు?’ అని అడగండి. రెండు గదుల ఇంట్లో అత్తగారి కంటో పిల్లల కంటో పడుతుందని భయపడి ఖాళీగా తెచ్చేవాళ్లని నేను శ్రద్ధ లేదనుకున్నాను, ఒకరితో ఆ మాట పైకి అనేశాను కూడా, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఇప్పుడైతే ఫోన్లో సరుకుల లిస్టు కింద రెండు ముక్కలు రాసుకోమంటాను, అదీ కుదరకపోతే ఇక్కడికొచ్చాక నా ఎదురుగానే పది నిమిషాలు.

డిప్రెషన్ ఎంతుందో చూడ్డానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల షీటు వాడతాను. ఉచితం, తెలుగులో ఉంది, 27కి లెక్క. మొత్తం ఎంతొచ్చిందో కూడే ముందు 9వ ప్రశ్న చూడండి, అది చచ్చిపోతే బాగుండనే ఆలోచనల గురించి. మనిషి ఇంకా గదిలో ఉండగానే చూడాలి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి షీటు అడుగున పెన్నుతో రాసిస్తాను.