కాంటే జెర్సీ: బట్టకి మూడు స్టార్లు, ఆటగాడికి ఐదు

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక చిన్న స్పోర్ట్స్ షాపులో కొన్నా, 450 రూపాయలు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ చెల్సీ నీలం జెర్సీ, వీపున 7, పైన ఆ క్లబ్‌కి ఆడిన ఫ్రాన్స్ ఆటగాడు కాంటే పేరు. షాపతను "మెస్సీ, రొనాల్డోవి ఉండాయి కదన్నా, ఇదెవరిది?" అన్నాడు. వాళ్లు గోల్ కొట్టాలంటే ముందు బంతి ఎవరో ఒకరు లాక్కోవాలి కదబ్బా, ఆ పని చేసేవాడిది అని చెప్పా.

నిజానికి కాంటే దగ్గర చూడాల్సింది ట్యాకిల్ (అవతలివాడి కాళ్ల దగ్గర బంతి లాక్కోవడం) కాదు, దానికి ముందు జరిగేది. అవతలివాడు పాస్ ఎటు ఇస్తాడో పసిగట్టి అప్పటికే రెండడుగులు అటు వేసి ఉంటాడు, అందుకే చాలాసార్లు జారిపడకుండా నిలబడే కాలు చాపి బంతి తీసుకుని, పక్కవాడికి ఇచ్చేసి మళ్లీ పరుగు. 2016లో లీసెస్టర్ క్లబ్‌తో ఇంగ్లండ్ లీగ్ గెలిచాడు, 2017లో చెల్సీతో లీగ్, 2018లో ఫ్రాన్స్‌తో వరల్డ్ కప్! 2021లో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ కూడా ఆ మ్యాచ్‌లో పడ్డ ఒకే ఒక్క గోల్ కొట్టిన చెల్సీ ఆటగాడు హావర్ట్జ్‌కి కాదు, ఇతనికే.

ఇక జెర్సీ. గుడ్డ పల్చన, మన నెల్లూరు ఎండకి హాయిగా ఉంది, చెమట త్వరగా ఆరిపోతుంది. మెడ దగ్గర కుట్టు మాత్రం గీరుకుంటోంది. రెండో ఉతుక్కే 7 అంచు లేచింది, అమ్మ ఇస్త్రీపెట్టె పెట్టబోతే పరిగెత్తి ఆపా (అదే నా బెస్ట్ ట్యాకిల్). తిరగేసి చన్నీళ్లలో ఉతుకుతున్నా, ఇప్పటికైతే ఆగింది. సైజు ఒకటి పెద్దది తీసుకోండి.